ఎంజీబీ జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు: వెనక రెండు ప్లగ్గులే నల్లబడుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేం బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాం. నా దగ్గర 1967 ఎంజీబీ రోడ్‌స్టర్ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. 1798 సీసీ ఇంజిన్, పెట్రోలూ గాలీ కలిపి ఇంజిన్‌కి ఇచ్చే ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బ్యురేటర్లు రెండు. చలికాలమంతా కవరు కప్పి ఉంచి ఇప్పుడు బయటికి తీశాను. ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడవడం) నిలవడం లేదు, సిగ్నల్ దగ్గర ఆగితే బండి మొత్తం ఊగుతోంది, పెట్రోలు వాసన ఒకటే. ప్లగ్గులు విప్పితే 1, 2 లేత గోధుమ రంగులో ఉన్నాయి. 3, 4 మాత్రం వేలికి అంటుకునేంత పొడి మసి. గ్యారేజీలో చూపిస్తే రెండు కార్బ్యురేటర్లూ మార్చేయాలన్నారు. నిజంగా మార్చాలా, నేనే ట్యూన్ చేసుకోవచ్చా?

జవాబు: మార్చకండి. సగం సంగతి మీ ప్లగ్గులే చెప్పేశాయి. ఈ ఇంజిన్‌లో 1, 2 సిలిండర్లకు ఇన్‌లెట్ దారి ఒకటే, 3, 4కి ఇంకొకటి. ముందు కార్బ్యురేటర్ మొదటి జంటకు, వెనకది రెండో జంటకు పోస్తుంది. స్పార్క్ వైరో ప్లగ్గో పోయుంటే సాధారణంగా ఒక సిలిండరే మొరాయించేది. వెనక జంట రెండూ ఒకేలా నల్లబడ్డాయంటే అనుమానించాల్సింది వెనక కార్బ్యురేటర్‌ని.

స్పానర్ పట్టుకునే ముందు చోక్ (చల్లని ఇంజిన్‌కి పెట్రోలు పెంచే మీట) లోపలికి నెట్టి, వెనక కార్బ్యురేటర్ అడుగున చెయ్యి పెట్టండి. సన్న పైపు తగిలించిన నల్ల ప్లాస్టిక్ తల ఒకటి తగులుతుంది. అదే జెట్, పెట్రోలు వచ్చే గొట్టం. చోక్ లాగినప్పుడు అది కిందికి దిగుతుంది, వదిలితే పైకి వెళ్లి జెట్ నట్టుకు ఆనాలి. నెలల తరబడి కదలకుండా ఉన్న బండిలో అది మధ్యలోనే పట్టేస్తుంది. వేలితో పైకి నొక్కితే ఏమాత్రం కదిలినా దొంగ దొరికినట్టే.

మరొకరు: రాజమండ్రి నుంచి రాస్తున్నాను. మాకు పాత అంబాసిడర్ ఉండేది. దాని 1489 సీసీ ఇంజిన్, మీ ఎంజీబీ ఇంజిన్ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబం. మా మేస్త్రి కార్బ్యురేటర్ ముట్టుకునే ముందు పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ పుట్టించే స్విచ్చు), ప్లగ్గులు, ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్) చూడకుండా ఉండేవాడు కాదు. మీరూ అదే చేయండి: పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం, ప్లగ్గులది 0.025. స్పార్క్ సరిగా లేని బండికి పెట్రోలు ఎంత సవరించినా దండగే.

అడిగినవారు: అన్నా, చెప్పినట్టే చేశాను. వెనక జెట్ కిందే ఉండిపోయింది, నొక్కితే టక్కున పైకెళ్లింది! పాయింట్లు, ప్లగ్గులు కూడా సరిచూశాను. వాసన చాలావరకు పోయింది, కానీ ఐడ్లింగ్‌లో ఇంకా చిన్న వణుకు ఉంది. ఇక మిక్స్చర్ (పెట్రోలు, గాలి పాళ్లు) సరిచేసే జెట్ నట్టు తిప్పాలా?

జవాబు: ఆగండి, ముందు జెట్ సంగతి పూర్తి చేయండి. చోక్ పూర్తిగా లాగి, బయటికి కనిపించే జెట్ కాడను కార్బ్ క్లీనర్‌తో తుడిచి ఒక చుక్క నూనె వేయండి. లేకపోతే మళ్లీ పట్టేస్తుంది. తర్వాత పైన ఇత్తడి గుండీ మూత విప్పి డ్యాష్‌పాట్‌లో (కార్బ్యురేటర్ పిస్టన్ కదిలే పై గిన్నె) నూనె చూడండి, ఎస్ఏఈ 20 సరిపోతుంది. మూత మర పట్టడానికి ఇంకా పావు అంగుళం దూరం ఉండగానే నూనె తగిలి చేతికి బరువు తెలియాలి. నూనె లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. శుభ్రం చేయడానికి విప్పాల్సి వస్తే ముందుదాని పిస్టన్ వెనకదాంట్లో పెట్టకండి. ఏ డ్యాష్‌పాట్‌కి ఆ పిస్టనే జత.

మిక్స్చర్ కంటే ముందు గాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్లు తీసి, రెండు థ్రాటిళ్లనూ (గాలి దారి తెరిచి మూసే రేకులు) కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేయండి. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టుకుని వినండి. రెండింట్లోనూ ‘హిస్’ ఒకేలా వినిపించేదాకా థ్రాటిల్ స్క్రూలు తిప్పండి. ఒకదాని నోట్లో గొట్టం ఎక్కడ పెట్టారో రెండోదాంట్లోనూ అక్కడే పెట్టాలి, లేకపోతే చెవి మోసం చేస్తుంది. గాలి కొలిచే మీటరు ఉంటే మంచిదే, నా ఓటు మాత్రం గొట్టానికే.

ఆ తర్వాతే మిక్స్చర్. కార్బ్యురేటర్ పక్కనున్న లిఫ్టింగ్ పిన్నుతో పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు లోపే పైకెత్తండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు. దిగజారి ఆగిపోబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం కొంచెం పెరిగి సర్దుకుంటే సరిపోయినట్టు. జెట్ నట్టు పైకెక్కిస్తే పెట్రోలు తగ్గుతుంది, దింపితే పెరుగుతుంది. ఒకసారికి ఒక్క ముఖమే, అంటే చుట్టులో ఆరో వంతే తిప్పండి. పనిలో పని రెండు మూడు నిమిషాలకోసారి అర నిమిషం 2500 ఆర్‌పీఎంకి రేజ్ చేయండి. లేకపోతే ప్లగ్గులు మసిపట్టి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తాయి.

అడిగినవారు: ముందుది సరిగ్గా ఉంది. వెనకది ఎక్కువ చూపిస్తే ఒక ముఖం పైకెక్కించాను. వేగం క్షణం పెరిగి సర్దుకుంటోంది. కానీ ఇప్పుడు ముందుది కొంచెం తేడా కొడుతోంది!

జవాబు: కొడుతుంది మరి. ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో రెండింటి మధ్యా బ్యాలెన్స్ పైపు ఉంది, ఒకటి మారితే రెండోదానికి తెలుస్తుంది. టెన్షన్ పడకండి. గాలి ఇంకోసారి సరిచూసి, మళ్లీ రెండు పిన్నులూ ఎత్తి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఒక్కో కార్బ్యురేటర్‌లో థ్రాటిల్ రేకు తిరిగే కడ్డీ రెండు కొసల దగ్గర కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టండి. వేడి ఎగ్జాస్ట్ పక్కనే ఉంది, జాగ్రత్త. ఐడ్లింగ్ మారితే అక్కడ అరిగి గాలి తాగుతోందని అర్థం. అరిగిన కడ్డీకి ఏ ట్యూనింగూ నిలవదు.

మరొకరు: ఒక మాట. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం వరకు ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. సూపర్ అని అమ్మే ఈ5 (ఇథనాల్ ఐదు శాతం లోపే) పోయించి, పైపులు ఒకసారి చూసుకోండి.

జవాబు: నిజమే. చివరగా క్లాంపులు బిగించేటప్పుడు కలిపే కడ్డీ మీది లీవరు పిన్నుకీ, అది దూరే థ్రాటిల్ ఫోర్కు కింది కొమ్ముకీ మధ్య 0.012 అంగుళం ఫీలర్ గేజ్ పట్టేంత ఖాళీ ఉంచండి. రెండు వైపులా అంతే. ఖాళీ లేకుండా బిగిస్తే ఐడ్లింగ్‌లో థ్రాటిళ్లు పూర్తిగా మూసుకోవు. తర్వాత ఓ పది మైళ్లు తిప్పి, నాలుగు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టి ఫొటో పంపండి.