దోస్త్‌కు 185 ఆర్14 బదులు 185/65 ఆర్14 వేయొచ్చా?

చీనీతోట_అనంతపురం:
అన్నా, మాది అశోక్ లేలాండ్ దోస్త్ మినీ ట్రక్కు, తోటల నుంచి చీనీకాయలు అనంతపురం మండీకి తోలుతాంటాం. వెనక టైర్లు రెండూ అరిగిపోయినాయి, పాతవాటి మీద 185 ఆర్14 ఎల్‌టీ 8పీఆర్ 102/100 అని ఉండాది. షాపులో ఆయప్పేమో 185/65 ఆర్14 ఏసుకో, డిస్కుకు కరెక్టుగా కూర్చుంటాది, రేటు కూడా తక్కువే అంటాండాడు. కూర్చుంటాది సరే, లోడు మోస్తాదా?

కర్నూలు_డ్రైవరు:
వద్దు తమ్ముడూ, అది కారు టైరు, నీ పాతదాని మీద ఎల్‌టీ అంటే లైట్ ట్రక్కు టైరు అని. 185 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 14 అంటే డిస్కు అంగుళాల్లో, ఆర్ అంటే రేడియల్, ఇవి మూడూ ఒకటే కాబట్టి డిస్కుకు కూర్చుంటాది. తేడా ఆ 65లో ఉండాది, సైడువాల్ అంటే టైరు పక్క గోడ, దాని ఎత్తు వెడల్పులో 65 శాతం అని. నీ పాతదానికి ఆ నంబరే లేదు కదా, లేకుంటే దగ్గరదగ్గర 80 అని లెక్క. అంటే నిలువునా 650 మిల్లీమీటర్లు ఉండే టైరు 596కు వస్తాది, రెండంగుళాల పైనే తగ్గె, బండి వెనక దిగిపోతాది, స్పీడోమీటరు ఎక్కువ చూపిస్తాది.

అసలు చూడాల్సింది 102. అది లోడ్ ఇండెక్స్, ఒక టైరుకు 850 కిలోలు. పక్కనుండే 100 అంటే 800, అది వెనక జోడు టైర్లుండే బండ్లకు, నీకు పనిలేదు. ఆ 185/65 సైడువాల్ మీద చూడు, మామూలుగా 86 ఉంటాది, అంటే 530 కిలోలే. వెనక రెండూ కలిసి 1700 మోసేచోట 1060 మోసేవి పెట్టుకోని, నిండా కాయలేసుకోని, మన ఎండల్లో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పగులుతాది. డబ్బులకు చూసుకోవద్దు.

చీనీతోట_అనంతపురం:
థాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలే. మరి 8పీఆర్ కాకుండా 10పీఆర్ ఏస్తే ఇంకా నాలుగు క్రేట్లు ఎక్కువ పెట్టుకోవచ్చా?

కడప_పికప్:
పీఆర్ అంటే ప్లై రేటింగ్, లోపల అన్ని పొరలుంటాయని చానామంది అనుకుంటారు, కాదు బ్రో, వెనకటి నూలు పొరల లెక్కలో టైరు ఎంత గట్టిదో చెప్పే గుర్తు అది. 10పీఆర్ ఎక్కువ గాలి పట్టుకుంటాది, ఆ గాలి పెడితేనే ఎక్కువ మోస్తాది. కానీ నీ యాక్సిలూ కమాన్ కట్టలూ బ్రేకులూ అవే కదా, ఆర్సీలో రాసిన బరువు దాటొద్దు.

కొనేటప్పుడు సైడువాల్ మీదుండే డీఓటీ నంబరులో చివరి నాలుగంకెలు కూడా చూడు, 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైంది. గాలి మాత్రం పొద్దున్నే బండి తీయకముందు, టైరు చల్లగున్నప్పుడే చెక్ చేయించు.