వినైల్ సైడింగ్‌కి నేవీ బ్లూ పెయింట్: ఎవరైనా వేయించారా?

ఎడిసన్ వాసి
మాది న్యూజెర్సీలో 1996 నాటి ఇల్లు. సైడింగ్ (బయటి గోడలకి తొడిగే ప్లాస్టిక్ పలకలు) ఒకప్పుడు లేత పసుపట, ఇప్పుడు పాత పేపరు రంగు. మొత్తం మార్చడానికి కొటేషన్ చూస్తే కళ్ళు తిరిగాయి. పెయింట్ వేస్తే ఎన్నాళ్ళుంటుంది? ఎన్ని గ్యాలన్లు పడతాయి? హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) పర్మిషన్ కావాలా? మా ఆవిడ నేవీ బ్లూ అంటోంది.

కొలంబస్ కోడలు
హెచ్‌ఓఏ పేరెత్తితే నాకు బీపీ. మేం గ్రే వేశాక అడిగాం. వాళ్ళు ఒప్పుకునే రంగుల లిస్టులో ఉన్న గ్రే ఇది కాదని లెటర్ వచ్చింది, ముందువైపంతా మళ్ళీ వేయించాం. మా అత్తయ్యగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. "మన డబ్బు, మన గోడ, మధ్యలో వీళ్ళెవరే?" అని వారం రోజులు అదే మాట.

షార్లెట్ మేస్త్రి
నాకు మూడు రెంటల్ ఇళ్ళున్నాయి, అన్నిటికీ నేనే వేశా. కాబట్టి వినండి. నేవీ బ్లూ మర్చిపోండి. వినైల్ అంటే మన నీళ్ళ పైపుల్లో ఉండే పీవీసీయే. 12 అడుగుల పలక ఎండకీ చలికీ అర అంగుళం దాకా సాగుతుంది, ముడుచుకుంటుంది. అందుకే మేకు కూడా బిగించి కొట్టరు. లేత పలక మీద ముదురు రంగు వేస్తే ఆ వేడికి వంకర్లు పోవడం ఖాయం. మా పక్కింటాయన ముదురు బ్రౌన్ వేశాడు. పడమటి గోడ అప్పడంలా ఉబ్బింది.

క్లీవ్‌లాండ్ చలి
అది పాత కథ అన్నా. ఇప్పుడు వినైల్ కోసమే చేసినవి వినైల్‌సేఫ్ అని షెర్విన్ విలియమ్స్ పెయింట్ కంపెనీలో ఉంది, బెంజమిన్ మూర్ కంపెనీలో రివైవ్ ఉంది. వాటిల్లో ముదురు రంగులూ ఉన్నాయి. మామూలు పెయింట్‌లో ముదురు రంగు కలిపించుకుంటేనే గొడవ.

డాలస్ బుల్లోడు
మేస్త్రిగారూ, ఉబ్బింది పడమటి గోడ ఒక్కటేనా? ఎదురింటి కిటికీలు చూశారా? లో-ఈ అద్దాలైతే (వేడిని వెనక్కి కొట్టే పూత ఉన్నవి), రెండు అద్దాల మధ్యకీ బయటికీ ఉండే ఒత్తిడి తేడాకి కాస్త లోపలికి వంగి భూతద్దంలా ఎండని ఒకచోటికి పంపిస్తాయి. మాది తెల్ల సైడింగ్, పెయింటే వేయలేదు. అయినా కరిగింది.

షార్లెట్ మేస్త్రి
డాలస్‌లో అన్నీ ఇటుక ఇళ్ళేగా? మీకు సైడింగ్ ఎక్కడిది?

డాలస్ బుల్లోడు
పేరే డాలస్. నార్త్ కరోలినాలోని ర్యాలీ ఊరికొచ్చి ఆరేళ్ళయింది. పాయింట్‌కి జవాబు చెప్పండి.

షార్లెట్ మేస్త్రి
చెప్పానుగా, పెయింట్ వల్లే. గోడ నేను కళ్ళారా చూశా.

డాలస్ బుల్లోడు
గోడ చూశారు, ఎదురు కిటికీ చూడలేదు. నాది ఏటవాలుగా ఒక్క చారలాగే కరిగింది. సాయంత్రం నాలుగింటికి వెలుగు పడేది సరిగ్గా అక్కడే. ఫొటో పెట్టనా?

షార్లెట్ మేస్త్రి
పెట్టుకోండి. మూడు ఇళ్ళకి వేసినవాడికి నేర్పించకండి.

కొలంబస్ కోడలు
అయ్యా, మీ ఇద్దరికీ దండం. ఆయన నేవీ బ్లూ గురించి అడిగారు. అసలు ఇంటి ముఖం ఎటు? తూర్పు ముఖానికి నీలం మంచిది కాదని మా పంతులుగారు అన్నారు.

క్లీవ్‌లాండ్ చలి
వాస్తుకి వేరే థ్రెడ్ ఉందండీ, అక్కడ 200 పోస్టులున్నాయి.
ఎడిసన్ భాయ్, ముందు వేలితో గోడ రుద్ది చూడండి. సుద్దలా తెల్లపొడి అంటితే, అది పోయేదాకా కడగాలి, లేకపోతే ఎంత మంచి పెయింటైనా పొరలు పొరలుగా లేస్తుంది. 70 పాళ్ళు నీళ్ళు, 30 పాళ్ళు వెనిగర్, మెత్తటి బ్రష్. ప్రెషర్ వాషర్‌ని కిందనుంచి పైకి కొట్టారో, నీళ్ళు పలక వెనక్కి పోతాయి. నేను చేసిన తప్పు ఇంకోటి: జూలై ఎండలో వేశా. జనవరిలో పలకలు ముడుచుకునేసరికి ప్రతి జాయింట్ దగ్గరా గోరంత వెడల్పున పాత రంగు గీత. మంచు పడిన రోజు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

షార్లెట్ మేస్త్రి
ఇది మాత్రం కరెక్ట్. నాకూ అయింది.

డాలస్ బుల్లోడు
మూడు ఇళ్ళకీనా?

ఎడిసన్ వాసి
గ్యాలన్ల లెక్క ఎవరూ చెప్పలేదు, సరే. మా ఎదురింటివాళ్ళు పోయిన నెలే కొత్త కిటికీలు పెట్టించారు, అవి లో-ఈ అని ఎలా కనుక్కోవాలి? వెళ్ళి అడిగితే ఏమనుకుంటారో. అన్నట్టు న్యూజెర్సీలో ఎవరి దగ్గరైనా 24 అడుగుల నిచ్చెన ఉందా? ఒక్క వీకెండ్‌కే.