కారు ఆయిల్ ఫిల్టర్ ఎన్నాళ్ళకి మార్చాలండి?

అమలాపురం (డాలస్‌కి కొత్త):
అందరికీ నమస్కారమండి. వచ్చి మూడు నెలలైంది, 2014 టొయోటా కొరొల్లా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 82 వేల మైళ్ళు తిరిగింది. ఆయిల్ మార్చిన షాపువాడు మూడు వేల మైళ్ళకి మళ్ళీ రమ్మని అద్దానికి స్టిక్కర్ అంటించాడు, ఆఫీసులో ఒకాయనేమో పదివేలదాకా ముట్టుకోవక్కర్లేదంటున్నాడు. ఫిల్టర్ ఆయిల్‌తో పాటు ప్రతిసారీ మార్చాలా, ఒకసారి వదిలేసినా పర్లేదా? అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేనే మార్చుకుందామనుకుంటున్నాను.

భీమవరం (ఇక్కడ 19 ఏళ్ళు):
తమ్ముడూ, ప్రతిసారీ మార్చెయ్. ఫిల్టర్ పూడిపోతే బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది, ఇక ఆయిల్ వడకట్టకుండానే ఇంజిన్లోకి పోతుంది, తూముకి గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్ళు పక్కనించి గండి కొట్టుకుపోయినట్టే. నీ బండికి 0డబ్ల్యూ-20 అనే పల్చటి సింథటిక్ ఆయిల్, టొయోటా లెక్క పదివేల మైళ్ళు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. మూడు వేలనేది పాత మినరల్ ఆయిల్ రోజుల మాట. కానీ నేనైతే ఐదు వేలకే మారుస్తాను. మా నాన్నగారికి రొయ్యల చెరువులుండేవి, రాత్రి కరెంటు పోతే నీళ్ళకి గాలందించే ఏరేటర్లు ఆగి తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది, అందుకని జనరేటర్‌కి పంట వేసేముందే ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్పించేవారు. దానికి మైళ్ళెక్కడివి, గంటలే లెక్క. నువ్వూ ఎండకి ఏసీ వేసుకుని పార్కింగ్‌లో ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటే ఆ గంటలు మీటర్లో కనపడవు, ఆయిల్‌కి మాత్రం తెలుస్తాయి.

పాలకొల్లు (హ్యూస్టన్):
ఫిల్టర్ సంగతి తర్వాత, ముందు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చెయ్యొద్దు బాబూ, దండం పెడతాను. 2011లో నేనూ ఇలాగే ఆదివారం పొద్దున్నే జాక్ పెట్టి పని మొదలెట్టాను, ఫిల్టర్ విప్పగానే నల్లటి ఆయిల్ మోచేతిదాకా కారింది, కింద పెట్టిన ట్రే జరిగి సగం కాంక్రీటు మీద పడింది. ఆయిల్ పీల్చుకుంటుందని పిల్లి ఇసక చల్లాను, సబ్బేసి రుద్దాను, పళ్ళెమంత మచ్చ మిగిలిపోయింది. రెండోరోజు అపార్ట్‌మెంట్ ఆఫీసునించి కాగితం, లీజులో వాహనాల రిపేరు నిషేధం అని గీత గీసి మరీ పంపారు. నేను నిజంగానే చదవలేదు. సరే తప్పు నాదే అని ఊరుకున్నాను, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్లో కాంక్రీటు శుభ్రానికని 240 డాలర్లు కోసేశారు, ఆ మచ్చ పక్కనే నేను దిగకముందునించీ ఉన్న మరో రెండు మచ్చలు కూడా నా ఖాతాలోనే. దిగిన రోజు ఫొటోలు తీసుకోలేదు, ఏం చూపిస్తాను? టెక్సాస్‌లో ఖాళీ చేసిన 30 రోజుల్లోగా డిపాజిట్ తిరిగివ్వాలి, కోస్తే దేనికెంతో రాసివ్వాలి, కానీ నీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చుండాలి. ఇవాళే ఇంటికెళ్ళి పార్కింగ్‌తో సహా ఫొటోలు తీసెయ్.

తణుకు (న్యూజెర్సీ):
ప్రతిసారీ మార్చాలని రూలేం లేదండి. మా సివిక్‌లో స్క్రీన్ మీద ‘ఏ’ అని వస్తే ఆయిల్ ఒక్కటే, ‘బి’ వస్తేనే ఫిల్టర్ కూడా. హోండావాళ్ళే రాసిచ్చారు మరి.

భీమవరం:
అది హోండా లెక్కండి, అబ్బాయిది టొయోటా. పది డాలర్ల కాగితం ఫిల్టర్ దగ్గర పొదుపెందుకు? నాలుగున్నర క్వార్టుల కొత్త ఆయిల్ పోసి పాత మురికి అందులోనే ఉంచితే ఎలాగ?

తణుకు:
లక్షా అరవై వేల మైళ్ళు తిప్పానండి అలాగే, ఏమీ కాలేదు. మైళ్ళ కన్నా ముందు మాన్యువల్ చదవమనండి.

రాజోలు (ఆస్టిన్):
మీ ఇద్దరి గొడవలో పిల్లాడు అడిగింది పోయింది. నాయనా, నీ కొరొల్లాకి డబ్బా ఫిల్టర్ కాదు, తొడుగు విప్పితే లోపల కాగితం ఫిల్టర్ ఉంటుంది. దానితో పాటు వచ్చే కొత్త ఓ-రింగు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) తప్పకుండా వెయ్యి, వేసేముందు వేలితో కాస్త ఆయిల్ రాయి, పాతది గాడిలో అతుక్కునుంటే తీసెయ్. తొడుగు బలం కొద్దీ బిగించకు. మా బండికి షాపులోనే పాత రింగు తియ్యకుండా కొత్తది వేసేశారు, రెండు రోజులకి గరాజ్‌లో మడుగు కట్టింది. షాపులో చేయించినా నువ్వు చేసుకున్నా రసీదులు దాచుకో, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అవే. పాత ఆయిల్ కాలవలో పొయ్యకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు, డబ్బాలో పోసి ఆటో పార్ట్స్ షాపుకి పట్టుకెళ్తే ఊరికే తీసుకుంటారు.

అమలాపురం:
అందరికీ ధన్యవాదాలండి. ఐదు వేలకి ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్చేస్తాను. పార్కింగ్ ఫొటోలు ఇప్పుడే తీశాను, మా స్లాట్లో ఆల్రెడీ రెండు నల్లమచ్చలున్నాయి, అపార్ట్‌మెంట్ ఆఫీసుకి మెయిల్ కూడా పెట్టేశాను.

పాలకొల్లు:
ఆ మెయిల్‌కి వాళ్ళ జవాబు వస్తే ప్రింటు తీసి లీజు కాగితాల్లో పెట్టుకో.