హెచ్‌డీఆర్ డిస్కును టీవీ కోసం ఎస్‌డీఆర్‌గా మార్చుకోవడం సబబేనా?

క్లాక్‌టవర్, నల్గొండ:
నేను కొనుక్కున్న 4కే డిస్కులను హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకొని హాల్లోని 43 అంగుళాల టీవీలో చూస్తుంటాను. టీవీ అట్టపెట్టె మీద హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను మరింతగా చూపే వీడియో) అని పెద్ద అక్షరాలతో ఉంది గానీ టీవీ వెలుగు 300 నిట్లు (తెర వెలుగును కొలిచే ప్రమాణం) దాటదు. మొన్న మధ్యాహ్నం ఒక రాత్రి సన్నివేశంలో నల్లకోటు మనిషి ముఖం తప్ప ఏమీ కనబడలేదు; మిగతా తెరంతా మా కిటికీ ఊచల ప్రతిబింబమే. టీవీ ఖరాబైందా అని మా అమ్మ అడిగింది.

ఇలాంటి టీవీలు ఉన్నవారు వీడియోను ముందే ఎస్‌డీఆర్‌గా, అంటే మామూలు వెలుగు పరిధి ఉన్న వీడియోగా, మార్చి పెట్టుకోవడమే మేలని నా వాదన. హెచ్‌డీఆర్‌లో ఒక రకమైన హెచ్‌డీఆర్10, వెలుగును అంకెలుగా రాయడానికి పీక్యూ అనే పద్ధతిని వాడుతుంది; అందులో ప్రతి విలువకూ ఇన్ని నిట్లని ముందే నిర్ణయమై ఉంటుంది, ఆ కొలబద్ద 10,000 నిట్ల దాకా పోతుంది. అందుకే హెచ్‌డీఆర్ మోడ్‌లోకి వెళ్లగానే మామూలు టీవీ బ్యాక్‌లైటు (తెర వెనక దీపం) గరిష్ఠానికి చేరుకుంటుంది, పట్టపగలు ఇంకాస్త పెంచుదామంటే పెంచడానికి ఏమీ మిగలదు. ఎస్‌డీఆర్ 100 నిట్ల లెక్కతో తయారవుతుంది కనుక అదే టీవీలో దాన్ని మూడింతల వెలుగుతో చూడవచ్చు.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్:
పీక్యూ గురించి మీరు చెప్పింది నిజమే గానీ, దాని నుంచి మీరు తేల్చిన విషయంతో నేను ఏకీభవించలేను. డిస్కులో ఉన్నది 10 బిట్ల వీడియో, అంటే ఒక్కో రంగుకు 1,024 మెట్లు. మామూలుగా చేసే 8 బిట్ల ఎస్‌డీఆర్‌లో అవి 256కు తగ్గిపోతాయి కాబట్టి సాయంకాలపు ఆకాశంలో చారలు పడే ప్రమాదం ఉంటుంది. పైగా 1,000 నిట్ల మెరుపును 100 నిట్లలోకి అణచడమంటే ఏ వివరం ఉండాలో ఏది పోవాలో ఒకసారి తేల్చేయడమే, ఆ పోయినది తిరిగి రాదు. అయిదేళ్లకో ఆరేళ్లకో మారిపోయే టీవీ కోసం ఇంత శాశ్వతమైన పని చేయడం నాకు దుబారాగా తోస్తుంది. ముందు మీ టీవీలో కరెంటు పొదుపు సెట్టింగు ఆపి ఉందో లేదో చూడండి, చాలా టీవీలు చీకటిగా ఉండడానికి అదే కారణం.

ఒకవేళ మార్చి తీరాలనుకుంటే రంగుల పరిధిని హెచ్‌డీఆర్ వాడే విశాలమైన బీటీ.2020 నుంచి ఎస్‌డీఆర్ వాడే ఇరుకైన బీటీ.709కు దించడమూ, టోన్ మ్యాపింగూ (ఎక్కువ వెలుగును తక్కువ పరిధిలోకి సర్దడం) రెండూ జరగాలి. అవి లేకుండా కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) ఒక్కటే మార్చి, హెచ్‌డీఆర్ అని తెలిపే సమాచారాన్ని వదిలేస్తే బొమ్మ బూడిద పూసినట్టు వెలవెలబోతుంది.

మూసీ, సూర్యాపేట:
చాలామంది వీడియో జోలికి అనవసరంగా వెళ్తున్నారు. డిస్కుల్లో ఉండే డీటీఎస్ అనే రకం ఆడియోను ఎన్నో టీవీలు పలికించవు; మాట వినబడలేదని 60 జీబీల సినిమా మొత్తాన్ని రాత్రంతా కన్వర్టు చేసిన మిత్రుడు నాకున్నాడు. ఆడియోను మాత్రం ఏసీ3 అనే మరో రకానికి మార్చి వీడియోను ముట్టకుండా ఎంకేవీ ఫైలులో పెడితే కాసేపట్లో పని అయిపోయేది. డిస్కులోని డాల్బీ విజన్ (మరో రకం హెచ్‌డీఆర్) రెండు పొరలుగా ఉండడం వల్ల టీవీ సొంత ప్లేయరు దాన్ని గుర్తించకపోయినా, కింది పొర హెచ్‌డీఆర్10 కాబట్టి బొమ్మ వస్తుంది. ఫైలును నెట్‌వర్కు తీగ ద్వారా చూసేవారికైతే, టీవీ లాన్ పోర్టు (ఆ తీగ పెట్టే చోటు) వేగం మాత్రం చాలావాటిలో సెకనుకు 100 మెగాబిట్లే. డిస్కు వేగం 128 మెగాబిట్ల దాకా ఎగబాకగలదు కనుక ఆగి ఆగి నడిస్తే తప్పు ఫైలుది కాకపోవచ్చు.

క్లాక్‌టవర్, నల్గొండ:
పిల్లలమర్రి గారు చెప్పినట్టు కరెంటు పొదుపు ఆపాను. రాత్రి లైట్లార్పి చూస్తే ఆ కోటు గుండీలు కూడా కనబడ్డాయి, అంతవరకు నా ఆరోపణ తొందరపాటే. అయినా మధ్యాహ్నం మాత్రం నేను మార్చిన ఎస్‌డీఆర్ ప్రతే బాగుంది, ఆ మాట వెనక్కి తీసుకోను. అసలు ఫైలును చెరిపేయాలన్న ఆలోచన మానుకున్నాను; అమ్మ పగలు చూసే నాలుగు సినిమాలకు మాత్రం 1080పీలో ఎస్‌డీఆర్ ప్రతులు వేరే పెన్‌డ్రైవులో పెట్టాను.