వైర్ స్కానర్‌కు బెంచ్ పరీక్ష చాలదా? బీమ్‌తో చూపించి తీరాలా?

తీగపని: లినాక్‌లో (కణాలను తిన్నని దారిలో వేగవంతం చేసే యంత్రం) బీమ్ ప్రొఫైల్, అంటే కణాల పుంజం ఎంత వెడల్పున ఎలా పరుచుకుందో, సన్నని తీగను అడ్డంగా కదిలించి కొలిచే వైర్ స్కానర్లు మా గ్రూపు తయారుచేస్తుంది. వాక్యూమ్ లీకు, మోటారు, ఎన్‌కోడర్, తెలిసిన కరెంటు ఇచ్చి యాంప్లిఫయర్ గెయిన్, అన్నీ బెంచ్ మీద చూసే పంపుతాం. యంత్రాన్ని నడిపే ఆపరేషన్స్ వాళ్లేమో బీమ్‌తో చూపించేదాకా సంతకం పెట్టం అంటున్నారు. ఇదేం న్యాయం?

రాత్రిషిఫ్ట్: న్యాయమే. బెంచ్ మీద మీ తీగ వేడెక్కదు కదా. హై పవర్ ప్రోటాన్ బీమ్‌లో పల్స్ పొడవు పెరిగితే తీగ ఎర్రగా కాలి, వేడికే ఎలక్ట్రాన్లు వదులుతుంది. బీమ్ తగిలి తీగలోంచి ఊడే ఎలక్ట్రాన్ల (సెకండరీ ఎమిషన్) సిగ్నల్‌కు అవీ తోడై, బీమ్ దట్టంగా ఉన్న నడిమధ్యే ప్రొఫైల్ లేనంత ఎత్తు చూపిస్తుంది.

తీగపని: అందుకే పల్స్ చిన్నది చేసి స్కాన్ చేయమంటాం. తీగ మందం కూడా లెక్కేసే ఉంచాం. 40 మైక్రాన్ల తీగ కలిపేది వ్యాసంలో నాలుగో వంతు, అంటే 10 మైక్రాన్లు, అదీ వర్గాల లెక్కన. సిగ్మా (వెడల్పు కొలత) 1 మి.మీ. ఉన్న బీమ్‌కు అదొక లెక్కా?

కొత్తసభ్యుడు: 20 మైక్రాన్ల బీమ్ అయితే?

తీగపని: 22.4 చూపిస్తుంది. 22.4 వర్గంలోంచి 10 వర్గం తీసేస్తే సరి.

రాత్రిషిఫ్ట్: మందం గురించి ఎవరడిగారండీ? కదిలేటప్పుడు తీగ వణుకుతుంది. పైగా పల్స్‌కో బిందువు చొప్పున తీసుకుంటాం గనక, పల్స్ పల్స్‌కూ బీమ్ అటూ ఇటూ జరిగినా అది వెడల్పులాగే కనిపిస్తుంది.

తీగపని: అది మీ బీమ్ జిట్టర్. నా స్కానర్ నెత్తిన రుద్దుతారేం?

మెరుపుతెర: తీగ మానేసి, బీమ్ తగిలితే వెలిగే స్క్రీన్ పెట్టండి. ఒక్క పల్స్‌లో రెండు దిక్కులూ వచ్చేస్తాయి.

క్వాడ్: చార్జ్ సాంద్రత ఎక్కువైతే యాగ్ స్ఫటికపు స్క్రీన్ సాచురేట్ అయి (వెలుగు ఇక పెరగక) బీమ్‌ను లావుగా చూపిస్తుంది. కణాలు రేకును దాటేటప్పుడు వెలువడే కాంతిని చూసే ఓటీఆర్ స్క్రీన్‌కు ఆ బాధ లేదు గానీ, బంచ్‌ను (కణాల గుంపును) బాగా కుదించిన ఎఫ్‌ఈఎల్ (ఎలక్ట్రాన్లతో లేజర్ కాంతి పుట్టించే) లినాక్‌లో కొహరెంట్ (ఒకే లయలో కలిసే) కాంతి వచ్చి బొమ్మనే పాడుచేస్తుంది, అమెరికాలోని ఎక్స్‌రే లేజర్ ఎల్‌సీఎల్‌ఎస్‌లో అదే ఎదురైంది. ఓక్ రిడ్జ్ న్యూట్రాన్ కేంద్రం ఎస్‌ఎన్‌ఎస్‌లో హెచ్ మైనస్ (ఒక ఎలక్ట్రాన్ అదనంగా ఉన్న హైడ్రోజన్) బీమ్ గనక సూపర్‌కండక్టింగ్ భాగంలో, తీగ బదులు లేజర్ కిరణంతో ఆ ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి కొలిచే లేజర్ వైర్ పెట్టుకోగలిగారు. ప్రోటాన్లకు ఆ వీలు లేదు.

రాత్రిషిఫ్ట్: నేను ఇదివరకు పనిచేసిన చోట స్కానర్ బీమ్ లావుందంటే రాత్రంతా క్వాడ్రుపోల్స్ (బీమ్‌ను కుదించే అయస్కాంతాలు) తిప్పుతూ కూర్చున్నాం. తెల్లారి చూస్తే తీగ బిగించిన ఫోర్క్ ఒకవైపు వదులు. బెంచ్ సర్టిఫికెట్‌లో అన్నీ పాస్! లాగ్‌బుక్‌లో మాత్రం ఆపరేటర్ ట్యూనింగ్ లోపం అని రాశారు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

తీగపని: నాకు జరిగింది దానికి తలకిందులు. మ్యాచింగ్ (బీమ్‌ను తర్వాతి భాగానికి సరిపడేలా అమర్చడం) తప్పు, నింద నా పరికరానికి. నిరూపించుకుంటాను, ఒక్క షిఫ్టు ఇవ్వండంటే యూజర్లకు బీమ్ ఇవ్వాలన్నారు. బీమ్ ఇవ్వరు, బీమ్ లేకుండా పరీక్షిస్తే సంతకం పెట్టరు. నేనేం చేయాలి?

రాత్రిషిఫ్ట్: ఇదీ అసలు గొడవ! కమిషనింగ్ షెడ్యూల్‌లో డయాగ్నస్టిక్స్‌కు చోటే ఉంచరు. అది నా చేతిలోనూ లేదు.

క్వాడ్: ముందు టెస్ట్ స్టాండ్‌లో సెమ్ గ్రిడ్ (కదలని తీగల వరస) పక్కన పెట్టి ఒకే బీమ్‌ను రెంటితో కొలవండి. క్వాడ్రుపోల్ మారుస్తూ స్కాన్ చేస్తే రెండూ ఒకే ఎమిటెన్స్ (బీమ్ వెడల్పు, విచ్చుకునే తీరు కలిపిన కొలత) చెప్పాలి.

తీగపని: మాది హెచ్ మైనస్. తక్కువ శక్తి దగ్గర ఊడిన ఎలక్ట్రాన్లు తీగలోనే ఆగిపోయి సిగ్నల్ గుర్తే మారుతుంది. అక్కడ పాసైతే ఎక్కువ శక్తి ఉండే పైచివర పాసైనట్టు కాదు.

రాత్రిషిఫ్ట్: అంటే పైచివర కూడా బీమ్ కావాలని మీరే ఒప్పుకున్నట్టు. షెడ్యూల్ మీటింగ్‌లో షిఫ్టు అడగండి, నేనూ మీ పక్షానే మాట్లాడతాను. సంతకం మాత్రం స్కాన్ చూశాకే.