ఉకులేలేకి పికప్ పెట్టించాలి, రంధ్రం అంటేనే భయంగా ఉంది

గోపాలపట్నం టీచర్:

అందరికీ నమస్కారం. నేను ఒకటి, రెండు తరగతుల పిల్లలకి పాఠాలు చెబుతాను. నాలుగేళ్లుగా ఉకులేలే (చిన్న గిటారు లాంటి నాలుగు తీగల వాయిద్యం) వాయిస్తున్నాను. నాది కన్సర్ట్ సైజు, మహాగని చెక్క. మా నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి కొనిచ్చారు. దాని మీద చిన్న గీత పడినా నా ప్రాణం ఉసూరుమంటుంది.

ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీదకి బళ్లు రానివ్వరు కదా, ఆ టైములో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఐదారుగురం కలిసి పాడుకుంటాం. చిన్న బ్యాటరీ స్పీకరు ఉంది. ఉకులేలే ముందు మైకు పెడితే సముద్రపు గాలి అందులో దూరి బుసలు కొడుతుంది. మైకు దగ్గరగా జరిపితే స్పీకరు కూత పెడుతుంది. పైగా మైకు ముందు బొమ్మలా నిలబడాలి. పిల్లల పాటలు కదలకుండా పాడటం నా వల్ల కాదు.

ఒక షాపులో అడిగితే గిటారు ముందువైపు గుండ్రటి సౌండ్ హోల్‌కి బిగించే పికప్ (తీగల శబ్దాన్ని స్పీకరుకి అందించేది) ఇచ్చారు. ఇంటికొచ్చి పెడితే అసలు శబ్దమే రాలేదు. ఏ రకం కొనాలి? వైరు గుచ్చే జాక్ కోసం కింద రంధ్రం చేయక తప్పదా? చేస్తే చెక్క పగలదు కదా?

అక్కయ్యపాలెం వడ్రంగం:

టీచర్ గారూ, ముందు ఆ షాపు పికప్ సంగతి. అది అయస్కాంతంతో పనిచేస్తుంది. దాని ముందు ఇనుప తీగ ఊగితేనే కరెంటు పుడుతుంది. మీ తీగలు నైలానో, ఫ్లోరోకార్బనో అయి ఉంటాయి. అవి ఎంత ఊగినా దానికి పట్టదు. మీకు కావలసింది పీజో. చెక్క అదురుని పట్టుకుని కరెంటుగా మార్చేది అదే.

అందులో శాడిల్ (తీగలు ఆనే సన్నటి ముక్క) కింద పరిచే సన్నటి పట్టీ ఒక రకం, లోపల బ్రిడ్జి (శాడిల్ కూర్చునే చెక్క) అడుగున అతికించే బిళ్ళ ఇంకో రకం. మా తమ్ముడి టెనార్ సైజు ఉకులేలేకి నేను పట్టీ పెట్టాను. పట్టీ ఎంత మందమో శాడిల్ అడుగున అంత అరగదీయాలి, లేకపోతే తీగలు పైకి లేస్తాయి. అద్దం ముక్క మీద ఎమరీ పేపర్ పరిచి అరగదీశాను. సమంగానే వచ్చిందనుకున్నాను. తీగలు బిగించి వాయిస్తే జి, సి, ఇ చక్కగా పలికాయి. చివరిదైన 'ఏ' తీగ మాత్రం పక్కింట్లో వాయిస్తున్నట్టు వినిపించింది. శాడిల్ ఊడదీసి స్టీలు స్కేలు ఆనించి లైటుకి ఎదురుగా పట్టుకుంటే, ఆ చివర వెంట్రుక మందాన వెలుతురు కనిపించింది. అక్కడ పట్టీ మీద ఒత్తిడే పడలేదు. మళ్లీ అరగదీస్తే శబ్దం సరిపోయింది గానీ ఎత్తు తగ్గిపోయి తీగలు మెడ మీది ఫ్రెట్లకి (అడ్డ కమ్మీలకి) తగిలి జరజరమన్నాయి. ఎముక ముక్కతో కొత్త శాడిల్ చేసేదాకా తమ్ముడు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అందుకే మీకు బిళ్ళ రకమే చెబుతాను. శాడిల్ జోలికి వెళ్లక్కర్లేదు. కె అండ్ కె వాళ్ల అలోహా ట్విన్ ఉకులేలే కోసమే చేసింది, బ్యాటరీ కూడా అక్కర్లేదు. ముందు డబుల్ టేప్‌తో తాత్కాలికంగా అంటించి, వైరు సౌండ్ హోల్‌లోంచి బయటికి తీసి వారం రోజులు వాయించండి. బిళ్ళ అర అంగుళం జరిగినా శబ్దం మారిపోతుంది. మీ చెవికి నచ్చిన చోటు దొరికాకే డ్రిల్ ముట్టుకోండి. ఆ టేపునే శాశ్వతంగా ఉంచకండి, మన ఉక్కపోతకి ఊడిపోతుంది.

రంధ్రం అడుగున, సరిగ్గా మధ్యలో చేయాలి. అక్కడ లోపల దిమ్మ చెక్క ఉంటుంది కాబట్టి బలం. వైరు పోనిచ్చో, చిన్న అద్దంతోనో దిమ్మ ఉందని ముందే చూసుకోండి. జాక్‌ని కొలవండి, సుమారు 12 మిల్లీమీటర్లు ఉంటుంది. మాస్కింగ్ టేప్ అంటించి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఒకేసారి పెద్ద బిట్ పెడితే పాలిష్ పెచ్చులూడుతుంది.

మీ సౌండ్ హోల్‌లోకి చెయ్యి పట్టదు. బయటి నుంచి రంధ్రంలో విడి వైరు ముక్క ఒకటి పోనిచ్చి సౌండ్ హోల్‌లోంచి పైకి తీయండి. కొస మడిచి జాక్ నోట్లో బిగుతుగా కుక్కి, మెల్లగా వెనక్కి లాగండి. లోపలి నట్టు ఎంత లోతున ఉండాలో ముందే కొలుచుకోకపోతే ఇదంతా మూడుసార్లు చేయాల్సి వస్తుంది.

గాజువాక సౌండ్స్:

మేడమ్, అన్న చెప్పింది కరెక్ట్. స్పీకరు సంగతి కూడా చూసుకోండి. పీజోని మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే బేస్ పోయి రేకు డబ్బా శబ్దం వస్తుంది. పికప్ తప్పు కాదది. పీజోకి 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి, లైన్ ఇన్‌పుట్లు చాలావరకు 10 కిలోఓమ్‌ల దగ్గర ఉంటాయి. స్పీకరు మీద 'ఇన్‌స్ట్రుమెంట్' అని రాసిన సాకెట్ ఉంటే అందులో పెట్టండి. లేకపోతే మధ్యలో చిన్న ప్రీయాంప్ (పికప్ సిగ్నల్‌ని స్పీకరుకి సరిపోయేలా చేసే డబ్బా) పెట్టండి. పికప్ నుంచి ప్రీయాంప్ దాకా కేబుల్ పొట్టిగా ఉంచండి. స్పీకరు మీ వెనక కాకుండా ముందు, జనం వైపు తిప్పి పెట్టుకోండి.

గోపాలపట్నం టీచర్:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అలోహా ట్విన్ తెప్పించాను. తొమ్మిది రోజులు టేప్‌తో రకరకాల చోట్ల పెట్టి చూశాను. శాడిల్‌కి సరిగ్గా కింద కంటే కొంచెం వెనక్కి జరిపితే నా చెవికి హాయిగా ఉంది. రంధ్రం మా వీధి వడ్రంగి గారు చేశారు, నేను ఉకులేలేని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాను. చివరి బిట్ దిగుతున్నప్పుడు కళ్లు మూసుకున్నాను. పొట్టు ఎర్రగా, మెత్తగా రాలింది. టేప్ తీస్తే అంచు నున్నగా ఉంది.

నిన్న బీచ్‌లో మొదటిసారి వాయించాను. గాలి ఉంది, బుస లేదు. నాన్నగారు రోడ్డు అవతలి గట్టు మీద కూర్చుని, అక్కడికి వినిపిస్తోందని చెయ్యి ఊపారు.

ఒక్క సందేహం. ఉప్పు గాలికి జాక్ తుప్పు పడుతుందా?

అక్కయ్యపాలెం వడ్రంగం:

పడుతుంది. ఇంటికెళ్లగానే పొడిగుడ్డతో తుడవండి, నెలకోసారి కాంటాక్ట్ క్లీనర్ ప్లగ్ మీద కొట్టి నాలుగైదుసార్లు పెట్టి తీయండి. కేసులో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచండి.