రికర్షన్ కోడ్ రన్ అవుతోంది, ప్రూఫ్ మాత్రం రావడం లేదు

కొత్తబ్యాచ్: రికర్షన్ ఫంక్షన్లు (తమను తామే మళ్లీ కాల్ చేసుకునేవి) ఎలాగోలా రాసేస్తున్నాను. "ఇది సరైనదని నిరూపించండి" అనగానే పెన్ను ఆగిపోతోంది. టెస్టులన్నీ పాసైనా సార్ ఒప్పుకోరు. మీరంతా ఎలా గట్టెక్కారు?

పాతసీనియర్: ముందు ట్రేస్ చేయడం మానెయ్. ఒక్కో కాల్ లోపలికి దిగుతూ పోతే మూడో లెవెల్లోనే దారి తప్పుతావు. లోపలి కాల్ చిన్న ఇన్‌పుట్‌కి సరైన జవాబే ఇస్తుందనుకో. దాంతో పెద్ద జవాబు సరిగ్గా కడుతున్నావా, అంతే చూడాల్సింది. గణితానుగమనం (ఇండక్షన్) అంటే అదే. కోడ్‌లో ఎన్ని బ్రాంచీలుంటే ప్రూఫ్‌లో అన్ని కేసులు.

కొత్తబ్యాచ్: అంతవరకు ఓకే అండీ. ఇరుక్కున్నది ఇక్కడ:
తిప్పు([], పోగు) = పోగు
తిప్పు(తల:తోక, పోగు) = తిప్పు(తోక, తల:పోగు)
ఇందులో [] ఖాళీ జాబితా, తల మొదటి అంశం, తోక మిగతా జాబితా, పోగు ఇప్పటిదాకా పోగైన జవాబు. తిప్పు(జాబితా, []) ఇస్తే జాబితా తిరగబడి వస్తుందని చూపాలి. హైపోథెసిస్ (లోపలి కాల్ సరైనదే అన్న ఊహ) అస్సలు అతకడం లేదు.

అర్ధరాత్రికంపైలర్: అతకదు మరి. పోగు ఖాళీగా ఉన్నప్పటి సంగతే నీ హైపోథెసిస్ చెబుతోంది, లోపలి కాల్‌లో పోగు ఖాళీగా లేదు. నిరూపించాల్సినదాన్నే పెద్దది చెయ్: పోగు ఏదైనా సరే, తిప్పు(జాబితా, పోగు) అంటే జాబితాను తిరగేసి వెనక పోగు అతికించడం. ఇప్పుడు తోకకి హైపోథెసిస్ వాడు. తిరగబడిన తోక, దాని వెనక తల, ఆ వెనక పోగు వస్తాయి. మొదటి రెండూ కలిస్తే తల:తోక తిరగబడినట్టే కదా! చివర్లో పోగు బదులు [] పెట్టు, అయిపోయింది. బరువైన మాటే తేలిగ్గా నిరూపణ కావడం వింతే గానీ, ఇండక్షన్‌లో మామూలు.

గట్టుమీదివాడు: ఆగుతుందని కూడా చూపాలి, మా దగ్గర మార్కులు పోయేది అక్కడే. యూక్లిడ్ గసాభాలో (మొదటి సంఖ్యని రెండోదానితో భాగించి, రెండోదాన్నీ శేషాన్నీ మళ్లీ కాల్‌కి ఇచ్చే పద్ధతి) రెండో సంఖ్య ప్రతి కాల్‌కీ తగ్గుతుంది, సున్నా కిందికి పోదు, కాబట్టి ఆగుతుంది. అదే సరిసంఖ్యైతే సగం, బేసైతే 3 రెట్లు చేసి 1 కలుపు, 1 వస్తే ఆగు అని రాస్తే? ప్రతి సంఖ్యకీ ఆగుతుందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. కోడ్ చూస్తే మూడు లైన్లు!

డీబగ్‌దేవుడు: పేపర్ మీద ప్రూఫ్ ఉందని మరీ ధీమా వద్దు. జావా లైబ్రరీ బైనరీ సెర్చ్‌లో (సర్దిన అర్రేలో మధ్యది చూసి, ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతకడం) మధ్య ఇండెక్స్‌ని (లో + హై) / 2 అని లెక్కగట్టేవారు. అర్రే చాలా పెద్దదైతే ఆ కూడిక ఇంట్ (పూర్ణసంఖ్యల టైప్) హద్దు దాటి నెగటివ్ అయిపోతుందని 2006లో ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే బయటపెట్టాడు. లో + (హై - లో) / 2 అని రాస్తే ఆ గొడవ ఉండదు.

కొత్తబ్యాచ్: తిప్పు వచ్చేసింది, థ్యాంక్స్ అండీ! మరి మెర్జ్ సార్ట్‌లో (జాబితాను సగాలు చేసి, విడివిడిగా సర్ది, కలిపేది) తోక ఉండదు, రెండు సగాలుంటాయి. దానికెలా?

అర్ధరాత్రికంపైలర్: పొడవు మీద చెయ్. ఇంతకంటే పొట్టి జాబితాలన్నిటికీ సరిగ్గా పనిచేస్తుందని పట్టుకో. బేస్ కేస్‌లో (మళ్లీ కాల్ లేకుండా నేరుగా జవాబిచ్చే చోట) ఖాళీ జాబితా ఒక్కటే పెట్టకు. పొడవు 1 ఉన్నది 0, 1 గా విడిపోయి మళ్లీ అదే కాల్ వస్తుంది, ఇక ఆగదు.